శనివారం వండర్లాకి వెళ్తున్నాం, పాప ఎత్తు 137. పెద్ద కోస్టర్ ఎక్కనిస్తారా?

ఖమ్మం_నాన్న
సెలవులిచ్చారు కదా అని ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వండర్లాకి బయల్దేరుతున్నాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ. పాప మూడు నెలల నుంచి అక్కడి పెద్ద రోలర్ కోస్టర్ రీకాయిల్ ఎక్కాలని కలవరిస్తోంది, ఎత్తు 137 సెంటీమీటర్లు. ఎక్కనిస్తారా? ముందు నీళ్ళ రైడ్లకి వెళ్ళాలా, మామూలు రైడ్లకా? అమ్మ కూర్చోడానికి నీడ ఉంటుందా?

మియాపూర్_సుధ
137 అంటే కష్టమేనండీ, పెద్దవాటికి 140 అడుగుతారు. పోయినేడాది వేరే రాష్ట్రంలో ఒక పార్కుకి వెళ్ళాం. గంటంబావు లైన్లో నిలబెట్టి, తీరా రైడ్ దగ్గరికి వెళ్ళాక కొలిచి మా వాణ్ణి పక్కకి జరిపేశారు. అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. లైన్ మొదట్లోనే కొలిస్తే ఏం పోయింది? మీరు మాత్రం లోపలికి వెళ్ళగానే పాపని కొలిపించండి, మిగతాదంతా తర్వాత.

దిల్‌సుఖ్‌నగర్_పిన్ని
అంత టెన్షన్ ఎందుకు, మందపాటి సోల్ ఉన్న షూ వేసి లోపల అట్టముక్క మడిచి పెట్టండి. మా అక్క కూతురికి ఒకచోట అలాగే చేశాం, నవ్వుతూ దిగింది. మూడు సెంటీమీటర్ల కోసం పిల్లని ఏడిపిస్తామా?

లూప్_మాస్టర్
పిన్నిగారూ, దయచేసి ఇలాంటి సలహాలివ్వకండి. పదకొండేళ్ళు రైడ్ల మెయింటెనెన్స్‌లో చేసినవాణ్ణి, తెలిసే చెప్తున్నా. రీకాయిల్‌లో ట్రైన్‌ని వెనక్కి పైదాకా లాగి వదిలేస్తారు, మూడుసార్లు తలకిందులై అవతలి ఎత్తు ఎక్కుతుంది, మళ్ళీ అవే పట్టాల మీద వెనక్కి ఇంకో మూడుసార్లు. అలాంటి రైడ్లో మనిషిని పట్టి ఉంచేది భుజాల మీదికి దిగే బార్ ఒక్కటే. ఎత్తు చాలని పిల్లలకి అది సరిగ్గా ఆనదు, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ ఎత్తు గీత పెట్టేది గేటు దగ్గర కుర్రాడు కాదు, రైడ్ తయారుచేసిన కంపెనీ.

ఎడిసన్_తెలుగోడు
మరి ఇక్కడ న్యూజెర్సీ సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో నైట్రో అనే కోస్టర్‌కి 54 అంగుళాలే, అంటే సరిగ్గా 137. మా పాప పోయిన వేసవిలో నాలుగుసార్లు ఎక్కింది. అక్కడ సరిపోయిన పిల్ల ఇక్కడెందుకు సరిపోదు? ఇంతకీ అదే పార్కులో కింగ్డా కా అనే కోస్టర్‌ని కూల్చేశారు తెలుసా, 456 అడుగులది. 2025 ఫిబ్రవరిలో పేల్చేస్తే మా వాడు వీడియో చూసి ఆ రోజంతా అన్నం తినలేదు.

లూప్_మాస్టర్
నైట్రో అసలు తలకిందులే కాదు బ్రదర్, దానికి నడుము దగ్గర బార్. ఆ లెక్క దీనికి ఎలా పెడతారు?

దిల్‌సుఖ్‌నగర్_పిన్ని
పదకొండేళ్ళు చేశానంటే మిగతావాళ్ళకి ఏమీ తెలియదనా? మా పిల్లకి ఏమీ కాలేదు, అది నా కళ్ళతో చూశాను.

మియాపూర్_సుధ
మీ పిల్లకి కాలేదు, సంతోషం. మా ఆడపడుచు కొడుక్కి అయింది. ఇలాగే షూ కింద ఎత్తు పెట్టి ఎక్కించారు, చెవి వెనకంతా కమిలిపోయి వారం రోజులు మెడ తిప్పలేకపోయాడు. మీరు రాసింది చదివి రేపు ఇంకొకరు చేస్తారు, అది తీసేయండి ముందు.

గుంటూరు_శీను
గొడవ ఆపండి బాబూ. ముందు సీటా వెనక సీటా చెప్పండి ఎవరైనా. నా మటుకు వెనకదే, ట్రైన్ కిందికి దూకేటప్పుడు చివరి పెట్టెని లాగేస్తుంది చూడండి, సీట్లోంచి లేచిపోయినట్టుంటుంది. ఇంకోటి, ఎక్కేముందు కడుపు నిండా తినొద్దు. మా బావ దారిలో ఆపి మరీ పులిహోర లాగించి ఎక్కాడు, దిగాక సాయంత్రం దాకా చెట్టు కిందే.

లూప్_మాస్టర్
రీకాయిల్‌లో ముందూ వెనకా రెండూ ఒకటే శీనూ, తిరిగి వచ్చేటప్పుడు చివరి పెట్టె ముందుంటుంది కదా. అయినా మనల్ని తలకిందులు చేసే ఆ పట్టాల చుట్టు, అదే లూప్, గుండ్రంగా ఉంటుందనుకుంటారు చాలామంది, కాదు. కన్నీటి చుక్క ఆకారం. కింద వంపు పెద్దది, పైన చిన్నది, అందుకే అడుగున ఒంటి మీద పడే బరువు తట్టుకోగలుగుతాం. 1976లో కాలిఫోర్నియాలో జర్మన్ ఇంజనీరు స్టెంగెల్ డిజైన్‌తో మొదలైంది ఇది.

ఖమ్మం_నాన్న
అన్నా అదంతా బాగుంది, మా అమ్మ గురించి ఒక్కరూ చెప్పలేదు. ఎండలో ఆమెని ఎక్కడ కూర్చోబెట్టాలి?

వనస్థలిపురం_లక్ష్మి
నేను మా అత్తగారిని తీసుకెళ్ళానండీ. ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల ఎగ్జిట్ దిగి గేటు తీసే టైముకే వెళ్ళిపోండి, పొద్దున్నే మామూలు రైడ్లు అయిపోవాలి, ఎండెక్కాక నీళ్ళలోకి. అమ్మగారు వేవ్ పూల్ దగ్గర నీడ చూసుకుని కూర్చుంటారు, మనవణ్ణి చూసుకుంటూ పొద్దు తెలియదు. ఆధార్ మర్చిపోకండి, పెద్దవాళ్ళకి టికెట్ తగ్గుతుంది. చీరతో నీళ్ళలోకి రానివ్వరు, మీ ఆవిడకి నైలాన్ డ్రెస్ కావాలి. శనివారం బదులు మంగళవారం వెళ్ళగలిగితే లైన్లు సగం ఉంటాయి.

ఖమ్మం_నాన్న
లక్ష్మక్కా, చాలా థ్యాంక్స్. పాప ఇప్పుడే గోడకి ఆనుకుని మళ్ళీ కొలిపించుకుంది, 137న్నర. షూ సంగతి వద్దనుకున్నాం. ఈసారి చిన్న కోస్టర్, 140 వచ్చిన రోజు మళ్ళీ తీసుకొస్తానని మాటిచ్చాను. సరే అంది కానీ నాతో మాట్లాడటం లేదు. నైలాన్ డ్రెస్సులు ఖమ్మంలో దొరుకుతాయా, అక్కడే కొనాలా?