ఇంట్లో చెవితో పట్టి వాయించే పిల్లని ఆపాలా?

సత్యనారాయణపురం నాన్న:
మాది విజయవాడ. మా అమ్మాయి నాలుగో తరగతి, వయొలిన్ నేర్చుకుంటోంది. మొదటి పాఠాలు సరళీ వరసలు, జంట వరసలు అయ్యి, వాటి తర్వాతి అలంకారాల్లో ఉంది. ఇంటికొస్తే మాత్రం కీబోర్డు ముందు కూర్చుని టీవీలో విన్న పాటలన్నీ వాయించేస్తుంది. ఎవరూ నేర్పలేదు. మా నాన్నగారు హార్మణీ (హార్మోనియం) వాయిస్తారు, ఆయనకీ ఎవరూ నేర్పలేదు. సాయంత్రం ఆయన పెట్టె తీస్తే ఇది కీబోర్డు తీస్తుంది, ఇక మాకు టీవీ వార్తలుండవు.

మొన్న టీచర్ గారు పిలిచి, ఇంకా చాలా పాఠాల తర్వాత నేర్పే వర్ణాలు వచ్చేదాకా ఆ కీబోర్డు మూసెయ్యండి, పిల్ల చెవి పాడవుతుంది అన్నారు. ఆ మాట చెప్పగానే నాన్నగారు "చెవి ఉంది కాబట్టే కదా వాయిస్తోంది, పాడవడమేంటి" అని అలిగి కూర్చున్నారు. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఆపాలా, వద్దా? సంగీతం రానివాళ్ళు కూడా చెప్పొచ్చు.

ఏలూరు రోడ్డు:
ఆపకండి. వివరం రాత్రికి రాస్తాను.

బ్రాడీపేట వయొలిన్:
నేను గుంటూరులో పిల్లలకి వయొలిన్ చెప్తాను కాబట్టి టీచర్ గారి పక్షమే మాట్లాడతాను. ఆవిడ కోపంతో అన్న మాట కాదది.

వయొలిన్‌కి కీబోర్డులా నొక్కే మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి. ఆ చెవికి రోజూ కీబోర్డు వినిపిస్తే ఏమవుతుంది? ఒక స్థాయిని, అంటే కింది స నుంచి పై స దాకా, 1200 భాగాలు చేశారనుకోండి, తంబుర సరిగ్గా శ్రుతి చేస్తే అందులోంచి తనంతట తాను పలికే అంతర గాంధారం (పెద్ద గ) 386 దగ్గర ఉంటుంది. కీబోర్డులో అది 400. తేడా చిన్నదే, కానీ పిల్ల వేలు ఆ 400 దగ్గరే అలవాటుగా ఆగుతుంది. తర్వాత దాన్ని కిందికి దింపడానికి నాకు నెలలు పడుతుంది.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం సంగతి. మెట్టు నొక్కితే స్వరం నిలబడుతుంది, ఊగదు, జారదు. ఈ కారణాలు చెప్పే 1940లో ఆకాశవాణి హార్మోనియంని నిషేధించింది. ఠాగూర్ అంతటివారు ఆ నిషేధాన్ని సమర్థించారు. 1971 దాకా అది ఎత్తెయ్యలేదు, ఎత్తేశాక కూడా షరతులు పెట్టారు. తాతగారి మీద గౌరవం లేక చెప్పడం లేదండీ, ఆ పెట్టె స్వభావం అది.

తెనాలి పద్యం:
రేడియో వాళ్ళు వద్దంటే మా తెనాలి వాళ్ళు మానేశారా? పద్యనాటకానికి హార్మణీ లేకపోతే తెర లేవదు.

మా పెదనాన్న హార్మోనిస్టు. సరిగమలు రాయమంటే రాయలేడు. కానీ నటుడు పద్యం చివర రాగం అందుకున్నాక ఎంతసేపు తీస్తాడో, ఎటు తీస్తాడో ఆ నటుడికే తెలీదు. జనం వన్స్‌మోర్ అంటే రెండోసారి ఇంకోలా తీస్తాడు. అప్పుడు హార్మోనిస్టుకి కాగితం ఏం చెప్తుంది? గొంతు బాగోలేని రోజు "అర మెట్టు దించు" అని పక్కకొచ్చి గొణిగితే, అప్పటికప్పుడు వేళ్ళన్నీ మార్చుకుని వాయించాలి. పెదనాన్న ఇంటి అరుగు మీద మా అందరి చేతా ఇదే ఆట ఆడించేవాడు. నాలుగున్నర శ్రుతిలో వాయించిన పద్యాన్ని ఐదులో వాయించు, ఒకటిన్నరలో వాయించు అని (తెల్లమెట్లకి ఒకటి, రెండు అని, వాటి మధ్య నల్లమెట్లకి ఒకటిన్నర, రెండున్నర అని లెక్క). రాని వాణ్ణి తిట్టేవాడు కాదు, కానీ ఆ పూట జంతికల్లో వాటా తగ్గేది.

పిల్లని ముందు వర్ణాలు పూర్తి చేసి, అప్పుడు ఇష్టమైనవి వాయించుకో అనడం ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే.

నల్లమెట్టు:
నేనూ ఇంట్లో చెవితో నేర్చుకున్నవాణ్ణే. మా అక్క తెల్లమెట్లు వదిలిపెట్టేది కాదు, అందుకని నాకు ఐదు నల్లమెట్లు మిగిలాయి. వాటితోనే కాలక్షేపం. నాలుగున్నర మెట్టుని షడ్జం (స) చేసుకుని ఐదూ వరసగా వాయిస్తే మోహన రాగం. మెట్లు మార్చకుండా షడ్జాన్ని మాత్రం ఐదున్నరకి జరిపితే మధ్యమావతి, ఆరున్నరకి జరిపితే హిందోళం. ఇంకా ముందుకెళ్తే ఒకటిన్నర దగ్గర శుద్ధ సావేరి, రెండున్నర దగ్గర శుద్ధ ధన్యాసి. నాకు అప్పుడు ఈ పేర్లేవీ తెలీవు. "సంతోషం పాట", "సాయంత్రం పాట" అని మేమే పేర్లు పెట్టుకున్నాం. దీన్ని గ్రహభేదం అంటారని కాలేజీకొచ్చాక ఎవరో చెప్పారు.

అయినా స్వరాలు కాగితం మీద రాసుకునే ఈ నొటేషన్ గొడవంతా తెల్లవాళ్ళని చూసి మనం నేర్చుకున్నదే కదా?

బ్రాడీపేట వయొలిన్:
నల్లమెట్టు గారూ, ఆఖరి మాట ఒప్పుకోను. స,రి,గ,మ అక్షరాలతో స్వరం చెప్పుకోవడం మన శాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగు లిపిలో. స్వరాన్ని ఊపే కంపితానికి ఒక గుర్తు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుకి ఒక గుర్తు అని గమకాలకి కూడా గుర్తులు పెట్టారు. అంతకన్నా వివరంగా రాసినవాళ్ళు అరుదు.

మీ ఐదు మెట్ల ఆట బాగుంది, మా పిల్లలకి చెప్తాను కూడా. కానీ ఆ ఐదు స్వరాలూ వాయిస్తే మోహన మెట్లు వచ్చాయంటాను, మోహన వచ్చిందనను.

ఇంకో మాట. ఇక్కడ అందరూ చెవితో నేర్చుకుని నిలబడ్డవాళ్ళ సంగతే చెప్తున్నారు. సగంలో వదిలేసినవాళ్ళు ఇలాంటి చర్చల్లోకి రారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి పాట రెండుసార్లు వింటే వచ్చేస్తుంది, అదే అలంకారం మూడు కాలాల్లో (వేగాల్లో) వాయించమంటే ఏడుపు. అన్నీ తేలిగ్గా వచ్చిన పిల్లకి కష్టపడటం కొత్త.

తెనాలి పద్యం:
గుర్తులన్నీ పెట్టారు సరే, కంపితం గుర్తు చూసి ఎంత ఊపాలో పుస్తకం చెప్తుందా? పక్కన పాడేవాళ్ళు ఉండాల్సిందే. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర బాలమురళీకృష్ణ గారు, అన్నవరపు రామస్వామి గారు నేర్చుకున్నది ఈ బెజవాడలోనే. గురువు పాడితే వినడం, తిరిగి పాడటం. అది చెవి చదువు కాక మరేమిటి?

బ్రాడీపేట వయొలిన్:
చెవి చదువే. ఎదురుగా పంతులు గారు కూర్చున్న చెవి చదువు. తప్పు పాడితే ఆపే మనిషి ఉన్నాడు. కీబోర్డు ఆపదు.

ఏలూరు రోడ్డు:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. నేను రాత్రికి రాస్తానన్నది ఇదే.

మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు, అందరూ వాయించేవాళ్ళు. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని. పాట నచ్చితే వెనక్కి తిప్పి వినే వీల్లేదు, మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలీదు. అందుకని పని పంచుకునేవాళ్ళం. సాహిత్యం అమ్మది, పల్లవి అన్నయ్యది, చరణం నాది. రేడియో కట్టెయ్యగానే బాబాయి హార్మణీ తిత్తి తెరిచేవాడు. చరణం రెండో పాదం పైకి పోతుందని నేను, కాదు అక్కడక్కడే తిరుగుతుందని అన్నయ్య. బాబాయి రెండూ వాయించి, "రెండూ బాగానే ఉన్నాయి, ఏది రేడియోదో మళ్ళీ వేసినప్పుడు చూద్దాం" అనేవాడు. అమ్మ వంటింట్లోంచే "ఆ మాట దగ్గర పొడుగ్గా తీశాడ్రా, మీరు కోసేస్తున్నారు" అని అరిచేది. పాట మళ్ళీ వచ్చినప్పుడు ఒక్కోసారి ఇద్దరిదీ కాక మూడో వరస వినిపించేది. అప్పుడు మళ్ళీ మొదలు.

బ్రాడీపేట గారు నిషేధం సంగతి చెప్పారు. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. అంటే పుట్టాక ఇరవై ఏళ్ళకి పైగా ఆ స్టూడియోలో హార్మోనియం లేదు. మా ఇంట్లోలాగే ఎన్నో ఇళ్ళలో ఆ పాటల్ని పట్టుకున్నది హార్మోనియం మీదే. నాకు ఇది భలే తమాషాగా ఉంటుంది.

నే చెప్పేదేమిటంటే, చెవితో వాయించడం అప్పుడు ఒంటరి పని కాదు. ఒకరి వరసని ఇంకొకరు కాదనేవాళ్ళు. పుస్తకం లేకపోయినా నలుగురి చెవులు ఉండేవి, పంతులు లేకపోయినా అమ్మ ఉండేది. ఇప్పటి పిల్ల ఫోనులో పాట వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, వెనక్కి తిప్పి తిప్పి ఒక్కతే పట్టుకుంటుంది. కాదనేవాళ్ళు లేరు. టీచర్ గారి భయం దీని గురించైతే ఆవిడ మాట నిజం. కానీ ఈ ఇంట్లో తాతగారు ఉన్నారు కదా! పెట్టె పక్కన పెట్టె పెట్టుకుని కూర్చునే మనిషి ఉండగా మూసెయ్యడం ఎందుకు?

కీబోర్డు బుద్ధులు కొన్ని మాత్రం మాన్పించాలి. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే ఏ పాటైనా తెల్లమెట్ల మీద వచ్చేస్తుంది, తెనాలి గారి పెదనాన్న అరుగు మీద చేయించిన పని బటన్ చేసేస్తుంది. అది వద్దు. వెనక డప్పు వాయించే ఆటో రిథమ్ వద్దు, తాళం తప్పినా తెలియనివ్వదు. ముఖ్యంగా, మెట్టు ముట్టుకునే ముందు పాట నోటితో పాడాలి. గొంతులో జారు వస్తుంది, ఊపు వస్తుంది. మెట్టు మీద అది రాకపోతే, ఏం రావడం లేదో పిల్లకే తెలుస్తుంది.

బ్రాడీపేట వయొలిన్:
పాడించడం అన్నారు కాబట్టి సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగానికి నా షరతు ఒకటి. ఆ పాటనే తర్వాత వయొలిన్ మీద, తంబుర వేసుకుని పట్టమనండి. గాంధారం ఎక్కడ ఆగుతోందో టీచర్ గారు వింటారు. 400 దగ్గర ఆగితే అప్పుడు మూసెయ్యండి, నన్ను అనొద్దు.

సత్యనారాయణపురం నాన్న:
అందరికీ థాంక్స్. నిన్న టీచర్ గారితో మాట్లాడాను. పాడించే సంగతి విని "అలాగైతే చూద్దాం" అన్నారు, సరే అని మాత్రం అనలేదు. నెల్లాళ్ళ తర్వాత క్లాసులో ఒక సినిమా పాట వయొలిన్ మీద వినిపించమన్నారు. అది విన్నాక చెప్తారట.

ట్రాన్స్‌పోజ్ బటన్ మీద టేపు అంటించాను. పిల్ల గొడవ చేసింది. నాన్నగారు శాంతించారు గానీ, ఆ 386, 400 లెక్క చెప్పగానే మళ్ళీ రాజుకుంది. "నా పెట్టె తప్పు పలుకుతోందని ఎవరో అంటే నమ్ముతావా" అంటున్నారు. ఆదివారం తంబుర యాప్ వేసి ఆయనకే వినిపిద్దామని చూస్తున్నాను. బ్రాడీపేట గారూ, ఏ శ్రుతిలో పెడితే తేడా బాగా తెలుస్తుంది?

బ్రాడీపేట వయొలిన్:
ఏ శ్రుతైనా ఒకటే. పెట్టెలో ఒక్క గాంధారం మాత్రం నొక్కి పట్టుకోమనండి, పాట వాయించనివ్వకండి. పాటలోకి దిగితే ఆయనా వినరు, మీరూ వినరు.