పాత దేవిడీలో ఐదడుగులు లెక్క తేలడం లేదు

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ దగ్గర మా తాతల నాటి దేవిడీకి (పాతకాలపు భవంతికి) మరమ్మతులు చేయిస్తున్నాం. బయట నుంచి కొలిస్తే పొడవు 44 అడుగులు. లోపల రెండు గదులు 17, 16. మూడు గోడలు రెండేసి అడుగులు. మొత్తం 39. మిగతా ఐదడుగులు ఏమైనట్టు? మూడుసార్లు టేపు పట్టాం, మేస్త్రీని మార్చినా లెక్క మారలేదు.

కిటికీ లేని పడమటి గోడ తడితే డొల్లగా మోగుతోంది. అడుగున పగులు దగ్గర అగరుబత్తి పెడితే పొగ లోపలికి పోతోంది. వైరు కెమెరా దూర్చాం, ఆరంగుళాల దగ్గర ఇటుక తగిలి ఆగింది. (లంకెబిందెలే అంటోంది మా అత్తమ్మ.) మేస్త్రీ సమ్మెటతో సిద్ధంగా ఉన్నాడు గానీ, ఆ గోడ నిండా డంగు సున్నం పూల పని. పోతే మళ్లీ రాదు.

ఆ పని చెడకుండా లోపల చూడాలంటే రంధ్రం ఎక్కడ, ఎంత వేయించాలి?