కరెంట్ పోయొచ్చాక ఉబుంటు ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతోంది, పెళ్లి ఫోటోలన్నీ అందులోనే

నంద్యాల_స్టూడియో:
అన్నలకు నమస్కారం. నాది చిన్న ఫోటో స్టూడియో. ఎడిటింగ్ వేరే సిస్టమ్‌లో. పాత ఐ3 కంప్యూటర్ డబ్బా ఒకటుంటే ఉబుంటు లినక్స్ 22.04 వేసి, ఫోటోలు దాచుకోవడానికి వాడుతున్నా. చిన్న ఎస్ఎస్‌డీలో ఉబుంటు, ఫోటోలకు 2 టీబీ హార్డ్ డిస్క్.

నిన్న రాత్రి కరెంట్ పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఆరు నెలలైంది, తిట్టకండి. పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఒక లైన్ దగ్గర ఆగి సెకన్లు లెక్కపెడుతోంది. 1 నిమిషం 30 సెకన్లు అవగానే ఎమర్జెన్సీ మోడ్‌లో ఉన్నారని చెప్పి, మెయింటెనెన్స్ కోసం ఎంటర్ నొక్కమంటోంది. కంట్రోల్ డీ కొడితే తిరిగి అక్కడికే. ఆ డిస్క్‌లో నాలుగు పెళ్లిళ్లున్నాయి. ఒక పార్టీకి ఆదివారం ఆల్బమ్ ఇవ్వాలి. డిస్క్ పోయినట్టేనా? చేతులు ఆడటం లేదు.

కీబోర్డ్_రాజా:
పవర్ కట్ కదా, ఫైల్ సిస్టమ్ కరప్ట్ అయ్యుంటుంది. డిస్క్‌ను చెక్ చేసి, అడక్కుండా రిపేర్ చేసే ఎఫ్ఎస్‌సీకే మైనస్ వై కమాండ్ కొట్టెయ్ అన్నా. కాకపోతే ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకో, అరగంట పని.

పాత_సర్వర్:
ఆ రెండూ ఇప్పుడే చేయొద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంగారులో తప్పు డిస్క్ ఎంచుకుంటే నాలుగు పెళ్లిళ్లూ గాలికి పోతాయి.

మీరు చెప్పినదాంట్లో అసలు సంగతి ఆ ఒకటిన్నర నిమిషం. బూట్‌లో ఏ డిస్క్‌లు తగిలించాలో ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్‌లో రాసి ఉంటుంది. అందులో రాసిన డిస్క్ కనపడకపోతే సిస్టమ్‌డీ (లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్) మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో వదిలేస్తుంది. డిస్క్ దొరికి, లోపల పాడై ఉంటే ఈ ఎదురుచూపు ఉండదు, నేరుగా చెకింగ్‌లోనే ఫెయిలవుతుంది. కాబట్టి కేబుల్ వదులైనా అయ్యుండాలి, డిస్క్ అసలు పలకకపోయినా అయ్యుండాలి, పేరు కలవకపోయినా అయ్యుండాలి.

ఎంటర్ నొక్కి ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కొట్టండి, డిస్క్‌ల జాబితా వస్తుంది. 2 టీబీ డిస్క్ కనిపిస్తోందా? దాని యూయూఐడీ (డిస్క్‌ను గుర్తుపట్టే నంబర్), ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న యూయూఐడీ పక్కపక్కన పెట్టి చూడండి.

నంద్యాల_స్టూడియో:
డిస్క్ కనిపిస్తోంది సార్! కానీ ఎఫ్‌స్టాబ్‌లో నంబర్ పొట్టిది, 16 అక్షరాలే. స్క్రీన్ మీద చూపించేది పొడుగ్గా, మధ్యలో గీతలతో ఉంది. పక్కన ఈఎక్స్‌టీ4 అని ఉంది.

పాత_సర్వర్:
పొట్టి నంబర్ ఎన్‌టీఎఫ్ఎస్‌ది, అంటే విండోస్ ఫార్మాట్. పొడుగుది ఈఎక్స్‌టీ4ది, అంటే లినక్స్ ఫార్మాట్. ఈ మధ్య ఆ డిస్క్‌ను ఎవరో ఫార్మాట్ చేశారు. నిజం చెప్పండి.

నంద్యాల_స్టూడియో:
అవును సార్. పది రోజుల కింద మా మేనల్లుడు వచ్చి, లినక్స్‌కి ఇదే మంచిదని ఫోటోలన్నీ పక్కకు తీసి, జీపార్టెడ్‌తో ఫార్మాట్ చేసి మళ్లీ పెట్టాడు. కానీ నిన్నటిదాకా బాగా పనిచేసింది కదా! ఫోల్డర్ల పక్కన డిస్క్ బొమ్మ మీద నొక్కితే తెరుచుకునేది.

పాత_సర్వర్:
మధ్యలో ఒక్కసారైనా రీస్టార్ట్ చేశారా? చేసుండరు. ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కొత్తది వస్తుంది. ఎఫ్‌స్టాబ్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడే దాన్ని చదువుతుంది కాబట్టి తప్పు పది రోజులు పడుకుంది, కరెంట్ పోయి లేపింది. కరెంటోళ్లను ఊరికే తిట్టుకున్నారు.

నానో ఎడిటర్‌లో ఎఫ్‌స్టాబ్ తెరిచి ఆ డిస్క్ లైన్ ముందు హాష్ (#) గుర్తు పెట్టండి, అప్పుడు సిస్టమ్ ఆ లైన్‌ను వదిలేస్తుంది. సేవ్ కాకపోతే, రాయడానికి వీలిచ్చే ఈ కమాండ్ ముందు కొట్టండి: మౌంట్ మైనస్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ, స్పేస్, స్లాష్. తర్వాత రీబూట్. డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. కొత్త నంబర్ అక్కడ తీరిగ్గా కాపీ చేసుకోవచ్చు. ఆ నల్ల స్క్రీన్ మీద చూసి కొడితే ఒక అక్షరమైనా తప్పుతుంది, నేను రెండుసార్లు తప్పాను.

నంద్యాల_స్టూడియో:
డెస్క్‌టాప్ వచ్చింది! కొత్త నంబర్ పెట్టి, హాష్ తీసేసి, ఎఫ్‌స్టాబ్‌లోవన్నీ తగిలించే సుడో మౌంట్ మైనస్ ఏ కొట్టా. ఇప్పుడు ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అంటోంది. డిస్క్ వివరాలుండే సూపర్‌బ్లాక్ పోయిందా సార్? మళ్లీ టెన్షన్.

పాత_సర్వర్:
పోలేదు. ఆ మెసేజ్ అనుమానం ఉన్నవాటన్నిటినీ ఒకే వాక్యంలో చదివేస్తుంది, అందరూ చివరి మాట చూసి హడలిపోతారు. మొదటి రెండూ చూడండి. అదే లైన్‌లో టైప్ ఇంకా ఎన్‌టీఎఫ్ఎస్3 (ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్ పేరు) అనే ఉంటుంది, పక్కన యూఐడీ, యూమాస్క్ (ఫైళ్లు ఎవరివి, ఎవరు తెరవొచ్చు అని చెప్పే ఆప్షన్లు) కూడా ఉంటాయి. ఈఎక్స్‌టీ4 ఆ రెండింటినీ ఒప్పుకోదు. టైప్ మార్చి, వాటిని తీసేసి, డిఫాల్ట్స్ కామా నోఫెయిల్ అని రాయండి. నోఫెయిల్ ఉంటే డిస్క్ కనపడకపోయినా సిస్టమ్ ఎమర్జెన్సీలోకి పోకుండా లేస్తుంది. ఈసారి రీబూట్‌కి ముందే ఫైండ్‌మౌంట్ (మధ్యలో ఓయూ లేకుండా, ఎంఎన్‌టీ) మైనస్ మైనస్ వెరిఫై కొట్టండి, లైన్‌లో తప్పుంటే అదే చెప్తుంది.

కీబోర్డ్_రాజా:
నేను కూడా నోఫెయిల్ పెట్టేసుకున్నా ఇప్పుడే 😅

నంద్యాల_స్టూడియో:
వచ్చేశాయి సార్, నాలుగు పెళ్లిళ్లూ. ధైర్యం కోసం రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూశా. మేనల్లుడికి ఫోన్ చేస్తే ‘ఓహో, ఎఫ్‌స్టాబ్ మర్చిపోయా మామా’ అంటాడు. ముందు అన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ పెట్టా, ఇంకా 3 గంటలు చూపిస్తోంది. ఆలోపు బ్యాటరీ షాపుకి పోయొస్తా.