అప్‌డేట్: మా చింటూకి లివర్ షంట్ ఆపరేషన్ అయింది

తిన్న గంటకల్లా మా కుక్క చింటూ గోడకి తల ఆనించి నిలబడిపోతోంది, పుట్టుకతోనే లివర్ షంట్ (పేగుల రక్తం లివర్‌లోకి వెళ్లకుండా పక్కనుంచి పోయే అడ్డదారి నాళం) ఉందన్నారు, ఆపరేషన్ చేయించాలా అని అడిగాను కదా. చేయించాం. రెండు నెలలైంది.

చింటూ యార్క్‌షైర్ టెరియర్. సీటీలో ఆ అడ్డదారి నాళం లివర్ బయటే ఉందని తేలింది. చిన్న జాతుల్లో ఎక్కువగా అలాగే ఉంటుందట. దాన్ని ఒక్కసారిగా కట్టేస్తే పేగుల నుంచి వచ్చే రక్తాన్ని లివర్ తట్టుకోలేక ప్రెషర్ పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ నాళం చుట్టూ అమెరాయిడ్ రింగు వేశారు. బయట స్టీలు, లోపల పాలలో ఉండే కేసీన్. ఒంట్లో తేమకి కేసీన్ మెల్లగా ఉబ్బుతుంది, కొన్ని వారాల్లో నాళం మూసుకుపోతుంది. పాల ప్రోటీన్‌తో ఇంత పనా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అసలు టెన్షన్ మొదటి మూడు రోజులు. ఫిట్స్ రావచ్చని ముందే చెప్పి ఆస్పత్రిలోనే ఉంచారు. ఫోన్ మోగితే చాలు, చేతులు వణికేవి. అదృష్టం, రాలేదు.

లాక్టులోజ్ (ఒంట్లో అమ్మోనియా తగ్గించే సిరప్), ప్రత్యేకమైన తిండి ఇంకా నడుస్తున్నాయి. ఆపాలా వద్దా అన్నది వచ్చే నెల లివర్ ఎలా పనిచేస్తోందో చెప్పే బైల్ యాసిడ్స్ రక్తపరీక్ష చూశాకే. సీటీ చేయించమని గట్టిగా చెప్పినవాళ్లకి రుణపడి ఉంటాను. నిన్న గిన్నె ఖాళీ చేసి, గోడ వైపు వెళ్లకుండా నా చెప్పు నోట కరుచుకుని పరుగెత్తింది.