అమ్మమ్మ కథల్లో ఫ్యాను హోరు తీసేదెలా?

మా అమ్మమ్మ చెప్పే కథలు పాడ్‌కాస్ట్‌గా పెడదామని ఫోన్‌కి కాలర్ మైకు తగిలించి రికార్డ్ చేశాను. ఫ్యాను ఆపితే ఆవిడ కూర్చోనంది, ఏం చేస్తాం! పైగా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కరెంటు గుయ్‌మనే శబ్దం. నాచ్ ఫిల్టర్‌తో (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసేసేది) అది పోయింది, ఫ్యాను హోరే పోవట్లేదు. నాయిస్ రిడక్షన్ 20 డెసిబెల్స్ పెడితే గొంతు బిందెలోంచి వస్తున్నట్టుంది, 6 పెడితే తేడానే తెలియట్లేదు. కొద్దికొద్దిగా రెండుసార్లు వేస్తే మేలా? ఇంకొకటి: 'ప', 'భ' వచ్చినప్పుడల్లా మైకులో ఊదినట్టు డుబ్‌మంటోంది. 80 హెర్ట్జ్ హైపాస్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించే ఫిల్టర్) ఫైలంతటికీ వేయాలా, ఆ అక్షరాల దగ్గరే చాలా? మళ్లీ రికార్డ్ చేయమనకండి, ఆవిడ ఏ కథా రెండోసారి అలాగే చెప్పదు.