విశాఖలో చిన్న పార్టీల పాత రోజులు: 1981 కార్పొరేషన్ ఎన్నికలు గుర్తున్నవాళ్లు రాయండి

అల్లిపురం_వాసి
మా నాన్నగారు పోయిన నెల కాలం చేశారు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే రెండు నోటుపుస్తకాలు దొరికాయి. వీధివారీగా ఇంటి నంబర్లు, ఇంట్లో ఎన్ని ఓట్లు, పక్కన టిక్కో సున్నానో. 1981లో ఆయన బీజేపీ తరఫున బూత్ పని చేశారు. 1979లో మన మునిసిపాలిటీ కార్పొరేషన్ అయ్యాక వచ్చిన మొదటి ఎన్నికలవి. 1980 ఏప్రిల్‌లో పుట్టిన పార్టీ మరుసటి ఏడాదే ఇక్కడ గెలిచింది. ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మొదటి మేయరయ్యారు.

నేను ఏ పార్టీ మనిషినీ కాను. పొగడ్తలు, తిట్లు వద్దు. జెండా ఏదైనా సరే, చిన్న పార్టీ వీధిలో ఎలా పనిచేసేదో చూసినవాళ్లు రాయండి. నాన్నగారు ఉండగా ఒక్కసారి కూడా అడగలేదు, అదే బాధ.

పాత_పూర్ణామార్కెట్
నాన్నగారి సంగతి విని బాధనిపించింది బాబూ. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అదే పార్టీకి గోడలు రాశాను.

మాకు పెద్ద తలనొప్పి గుర్తుతోనే. బీజేపీకి ముందున్న జనసంఘ్ రోజుల్లో దీపం. 1977లో జనతాలో కలిశాక చక్రంలో నాగలి పట్టిన రైతు. ఆ తర్వాత కమలం. మార్కెట్ వెనక సందులో ఒక ముసలమ్మ ఉండేది. "దీపానికే కదా బావూ ఎయ్యమన్నారు" అనేది ప్రతిసారీ. కాదమ్మా, ఇప్పుడు తామరపువ్వు అని కాగితం మీద గీసి చేతికిచ్చేవాణ్ణి. పోలింగ్ రోజు ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుని వచ్చింది. ఎవరికి వేసిందో నాకు తెలీదు.

సున్నంలో నీలిమందు కలిపి, ఈతకొమ్మ చివర నలగ్గొట్టి దాన్నే కుంచె చేసుకునేవాళ్లం. పోస్టర్లకి మైదా ఉడికించిన జిగురు. అందులో కాస్త మైలుతుత్తం వెయ్యాలి. లేకపోతే తెల్లారేసరికి ఆవులు పోస్టర్లు నమిలేసేవి.

గెలుపు ఒక్కరోజులో రాలేదు. 1977లో దేశమంతా జనతా గాలి వీస్తే, మన రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌వే. అంత దెబ్బ తిన్నాక కూడా పి.వి. చలపతిరావు గారి లాంటి పెద్దలు ఇళ్లకి తిరగడం మానలేదు. కుర్రాళ్లం ఆయన వెనకాలే తిరిగేవాళ్లం.

కంచరపాలెం_అక్క
నేను తెన్నేటి విశ్వనాథం గారి గురించి చెబుతాను. మా నాన్న రైల్వే. 1966లో ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు గారు నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న కాల్పులు జరిగిన రోజు నాన్న చీకటి పడ్డా రాలేదు. అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు, మాకు అన్నం పెట్టడం కూడా మర్చిపోయింది. రాత్రి పొద్దుపోయాక పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చాడు.

తెన్నేటి వారు ఉద్యమ కమిటీకి నాయకుడు. శాసనసభ్యత్వం వదులుకున్నారు. 1967లో ఇండిపెండెంటుగా నిలబడితే విశాఖ ఆయన్ని లోక్‌సభకి పంపింది. ఊరే ఆయన పార్టీ. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంటు ప్రకటించారు. ఊరు అడిగింది దొరికింది. కానీ ఆయన తర్వాత అందుకోవడానికి జెండా లేదు, మీ నాన్నగారి దగ్గరున్నలాంటి పుస్తకమూ లేదు.

గాజువాక_కార్మికుడు
మాది ఎర్రజెండా. మా బలమంతా గేటు మీటింగులోనే ఉంటుంది. షిఫ్టు దిగేవాళ్లు సైకిళ్లు, బళ్లు ఆపుకుని పది నిమిషాలు వింటారు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటు అమ్మకానికి నిర్ణయం తీసుకుంది, మార్చి 10న జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్, పోలింగ్. గేటు దగ్గర జనాన్ని చూసి చాలా ఆశపడ్డాం. 98 వార్డుల్లో సీపీఐకి ఒకటి, సీపీఎంకి ఒకటి వచ్చాయి. బీజేపీకీ ఒకటే.

గేటు దగ్గర వెయ్యిమంది ఒక్కచోట కనిపిస్తారు. ఇంటికెళ్తే వాళ్లే ఇరవై వార్డుల్లో తలో పక్కా ఉంటారు. ఇది నాకు లెక్కింపు రోజుగానీ అర్థం కాలేదు. మేం కూడా ఇళ్లకి వెళ్లాల్సింది.

బీచ్‌రోడ్_కుర్రాడు
సార్, 1981లో గెలిచిన పార్టీ తర్వాత ఎందుకు తగ్గింది?

పాత_పూర్ణామార్కెట్
1982 మార్చిలో ఎన్టీ రామారావు గారు తెలుగుదేశం పెట్టారు తమ్ముడూ. నాతో గోడలు రాసిన కుర్రాళ్లలో సగంమంది అటు వెళ్లారు. వాళ్లని తప్పుపట్టను, ఆ ఊపు అలాంటిది. తర్వాత మేయరు తెలుగుదేశానికి చెందిన డి.వి. సుబ్బారావు గారే.

కానీ నన్నడిగితే చిన్న పార్టీలన్నిటినీ ఎక్కువ దెబ్బతీసింది వేరే ఉంది. 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 దాకా మన ఊళ్లో కార్పొరేషన్ ఎన్నికలే లేవు. తొమ్మిదేళ్లు! ఎమ్మెల్యే సీటుకి చిన్న పార్టీ దగ్గర డబ్బుండదు. వార్డయితే నాలుగు వీధులు నడిచి గెలవచ్చు. కొత్త కుర్రాడు పని నేర్చుకునేది అక్కడే. అది ఆగిపోతే కొళాయి రాలేదని ఎవరితో చెప్పాలి? ఆఫీసరుతో. ఆయన బదిలీ అయిపోతాడు. దానికోసం ఒక్క పార్టీ అయినా గట్టిగా రోడ్డెక్కలేదు, మా పార్టీ కూడా. అది మాత్రం నేను మర్చిపోలేను.

అల్లిపురం_వాసి
గురువుగారూ, మీరు కొళాయి అనగానే పుస్తకం మళ్లీ తీశాను. ఒక పేజీ చివర నాన్నగారి రాత ఇలా ఉంది: "3 ఓట్లు. మనకి వెయ్యరు. వీధి కొళాయి నాలుగు రోజులుగా లేదు. కనుక్కోవాలి." కింద వేరే సిరాతో "వచ్చింది" అని ఉంది.

కంచరపాలెం_అక్క
బాబూ, పెళ్లికి ముందు మా పిన్ని వాళ్లు అల్లిపురంలోనే ఉండేవాళ్లు. ఆ పేజీల్లో ఇంటి యజమానుల పేర్లు కూడా ఉన్నాయా? ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. ఆవిడకి ఎనభై దాటాయి, చదివి వినిపిస్తాను.