ఎలక్షన్ అబ్జర్వర్లుగా వెళ్ళే పెద్దవాళ్ళ ట్రావెల్: ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే కార్లు తీసుకోవచ్చా?

కొత్త_కోఆర్డినేటర్

అందరికీ నమస్తే. ఒక సంస్థ తరఫున ఎన్నికల పరిశీలనకి వెళ్ళే టీమ్ ట్రావెల్ అంతా నా మీద పడింది. దేశం పేరు ఇక్కడ పెట్టలేను, ఆఫ్రికాలో అని మాత్రం చెప్తా. ప్రెసిడెంట్ ఎన్నిక, ఎవరికీ సగానికి మించి రాకపోతే రెండో రౌండ్ ఉంటుంది. వెళ్ళేవాళ్ళలో ఒక మాజీ ప్రధాని, రిటైర్డ్ జడ్జీలు, కొందరు ఎంపీలు ఉన్నారు, దాదాపు అందరూ అరవై దాటినవాళ్ళే. కాన్ఫరెన్సులకి టికెట్లు, హోటళ్ళు చూసిన అనుభవం ఉంది గానీ ఇది పూర్తిగా వేరేలా ఉంది.

అసలు డౌట్ ఏంటంటే అక్కడి ప్రభుత్వం వాళ్ళే కార్లు, గెస్ట్ హౌస్, ఎస్కార్ట్ అన్నీ ఫ్రీగా ఇస్తామంటున్నారు, మా బాస్ బడ్జెట్ మిగులుతుందని ఎగిరి గంతేస్తున్నారు, నాకేమో ఎక్కడో తేడా కొడుతోంది. ఇంకోటి, ఇద్దరు ముగ్గురు పెద్దలు పోలింగ్ రోజు రాత్రికే రిటర్న్ ఫ్లైట్ కావాలంటున్నారు. వేయొచ్చా? ఇలాంటి పని చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

ఫీల్డ్_మనిషి

కార్లు, గెస్ట్ హౌస్ రెండూ వద్దండి, మర్యాదగా థాంక్స్ చెప్పి వదిలేయండి. 2005 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితిలో అంతర్జాతీయ ఎన్నికల పరిశీలన సూత్రాల ప్రకటన అని ఒకటి ఆమోదించారు, ఈ రంగంలో పెద్ద సంస్థలన్నీ దానికి ఒప్పుకున్నవే. ఎవరి ఎన్నికలు చూస్తున్నారో ఆ ప్రభుత్వం దగ్గర డబ్బు గానీ వసతులు గానీ తీసుకోకూడదని అందులో ఉంది. మీ బాస్‌కి ఆ పేరా ప్రింట్ తీసి ఇవ్వండి, మీరు వాదించే పని తప్పుతుంది.

రూల్ సంగతి పక్కన పెట్టినా, ప్రభుత్వం పంపిన డ్రైవర్ బండి నడుపుతుంటే మీరు పొద్దున ఏ బూత్‌కి వెళ్తున్నారో ముందు రోజు రాత్రే వాళ్ళకి తెలిసిపోతుంది. మీరు వెళ్ళేసరికి పెళ్ళివారొస్తున్నట్టు అంతా సర్ది పెట్టి ఉంటారు. ఇక అక్కడ చూసేదేముంది? రేపు ఎన్నిక బాగానే జరిగిందని మీవాళ్ళు నిజాయితీగా రాసినా, ఓడిన పార్టీ ఆ కార్ల ఫోటోలు పెట్టి వాళ్ళ తిండి తిని రాశారంటుంది.

సెక్యూరిటీ మాత్రం వేరు. విదేశీ అతిథుల ప్రాణాలు కాపాడటం ఆ దేశం బాధ్యత, పోలీస్ ఎస్కార్ట్ తీసుకోండి, మాజీ ప్రధాని ఉంటే ఎలాగూ వద్దన్నా ఇస్తారు. బూత్ లోపలికి మాత్రం వాళ్ళు మీతో రాకూడదని ముందే మాట్లాడుకోండి. కార్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఆ కంపెనీ ఎవరిదో కూడా కనుక్కోండి, చిన్న దేశాల్లో మంచి జీపులున్న కంపెనీ ఓనర్ ఏ అభ్యర్థికో బావమరిది అయ్యే ఛాన్స్ ఎక్కువ.

టికెట్ల_పిచ్చోడు

నేను టికెట్ల వరకే చెప్తా. పోలింగ్ రాత్రి ఫ్లైట్ అస్సలు వేయొద్దు. పోలింగ్ అయ్యాక ఒకటి రెండు రోజుల్లో ప్రాథమిక నివేదిక మీద ప్రెస్ మీట్ ఉంటుంది, ఆ టేబుల్ దగ్గర పెద్ద మొహాలు లేకపోతే వాళ్ళని అంత దూరం తీసుకెళ్ళి లాభమేంటి? ప్రెస్ మీట్ తర్వాతి రోజుకి ముందు ఎవరికీ రిటర్న్ వేయకండి.

డేట్ మార్చుకోలేని చవక టికెట్లు కూడా వద్దు. నైజీరియాలో 2019 ఫిబ్రవరి 16న పోలింగ్ జరగాల్సి ఉంటే, ఆ రోజు తెల్లవారకముందే వారం వాయిదా వేసి 23కి మార్చారు, అప్పటికే అబ్జర్వర్లంతా దేశంలో దిగి ఉన్నారు. కెన్యాలో 2017 ఆగస్టు 8 ఎన్నికని సుప్రీం కోర్టు సెప్టెంబర్ 1న కొట్టేసింది, మళ్ళీ అక్టోబర్ 26న పెట్టారు. మీకు రెండో రౌండ్ కూడా ఉందంటున్నారు కాబట్టి ఆ తేదీకి ఎవరెవరు మళ్ళీ రాగలరో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, హోటల్‌తో కూడా రూములు పొడిగించేలా రాయించుకోండి.

అందర్నీ ఒకే ఫ్లైట్‌లో ఎక్కించొద్దు, కనీసం రెండు బ్యాచ్‌లు చేయండి. ఏదైనా గొడవైతే పక్క దేశానికి రోడ్డు మీద వెళ్ళిపోదాం అనే ప్లాన్ ఎవరైనా చెప్తే నమ్మకండి, 2023లో నైజీరియా పోలింగ్ రోజు భూసరిహద్దులన్నీ మూసేసింది.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, కాబట్టి ఆఖరి వారంలో పరిగెడితే పని జరగదు. పైగా అరవై దాటినవాళ్ళకి మొదటిసారి వేసేటప్పుడు రిస్క్ ఎక్కువని డాక్టర్లు ఆలోచిస్తారు, వద్దంటే మినహాయింపు లెటర్ రాసిస్తారు, అది అక్కడ ఒప్పుకుంటారో లేదో ఎంబసీని అడగాలి. మీ టీమ్‌కి ఇదే మొదటి పని అనుకోండి.

కొత్త_కోఆర్డినేటర్

థాంక్సండీ ఇద్దరికీ. ఆ పేరా బాస్‌కి పంపా, గొణుక్కున్నారు గానీ కొటేషన్లు తెప్పించమన్నారు. ఇంకో చిక్కు, ఎంపీల దగ్గర డిప్లొమాటిక్ పాస్‌పోర్టులు ఉన్నాయి, మాకు వీసా గీసా ఏం అక్కర్లేదు, మమ్మల్ని ఎవడూ ఆపడు అంటున్నారు. నిజమేనా? మాజీ ప్రధాని గారి బాడీగార్డ్ పిస్టల్ తెస్తానంటున్నాడు, దానికేం చేయాలి?

వీసా_గోల

నిజం కాదు. డిప్లొమాటిక్ పాస్‌పోర్టుకి వీసా మినహాయింపు ఆ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటేనే, లేకపోతే అందరిలాగే అప్లై చేసుకోవాలి. ఇక ఎవరూ ఆపరు అనేది ఇంకా పెద్ద అపోహ. 1961 వియన్నా ఒప్పందం ఇచ్చే రక్షణ ఆ దేశంలో దౌత్యవేత్తగా నియమితుడై, వాళ్ళు ఒప్పుకున్న మనిషికి, అంతేగానీ పాస్‌పోర్ట్ రంగుకి కాదు. మీ మిషన్‌కి, అంటే పరిశీలన బృందానికి, అలాంటి రక్షణ కావాలంటే ఆ ప్రభుత్వంతో ఎంఓయూలో, అంటే రాతపూర్వక అవగాహన ఒప్పందంలో, రాయించుకోవాలి. టూరిస్ట్ వీసా మీద మాత్రం ఎవర్నీ పంపకండి. ఎన్నికల కమిషన్ ఆహ్వానం, దాని మీద వీసా, తర్వాత అక్రెడిటేషన్ కార్డు (పరిశీలకులకిచ్చే అధికారిక గుర్తింపు కార్డు), ఈ వరసలో వెళ్ళాలి. కార్డు ఇంటర్‌ప్రెటర్‌కి, డ్రైవర్‌కి కూడా కావాలి, బండికి స్టిక్కర్ కూడా. పోలింగ్ రోజు ప్రైవేటు బళ్ళు తిరగనివ్వని చోట్ల అది లేకపోతే హోటల్ గేటు కూడా దాటరు.

పిస్టల్ సంగతి, ఆ దేశం రాతపూర్వకంగా అనుమతిస్తే, ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే, మధ్యలో దిగే ఎయిర్‌పోర్ట్ దేశం కూడా ఒప్పుకుంటే తేవచ్చు. నన్నడిగితే గార్డు ఖాళీ చేతులతో రావడమే సుఖం. శాటిలైట్ ఫోన్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త, పర్మిషన్ లేకుండా దొరికితే కొన్ని దేశాల్లో అది నేరం. అలాగని ఫోన్ లేకుండా వెళ్ళమనట్లేదు, ఉగాండాలో 2021 జనవరి 14 పోలింగ్‌కి ముందు రోజు సాయంత్రం నెట్ మొత్తం ఆపేశారు, కొన్ని రోజులదాకా రాలేదు. డ్రైవర్ల నంబర్లు, టికెట్లు, హోటల్ అడ్రస్‌లు, మ్యాపులు అన్నీ కాగితం మీద ప్రతి టీమ్ చేతిలో ఉండాలి.

చూసొద్దాం_బాబాయ్

ఏంటండీ ఈ హంగామా. మా సార్ వాళ్ళు ఒక దేశం ఎన్నికలకి వెళ్ళొచ్చారు, కార్లు హోటల్ అన్నీ అక్కడి ఎలక్షన్ కమిషనే చూసుకుంది, ఎవరూ ఏమీ అనలేదు, హాయిగా తిరిగొచ్చారు.

ఫీల్డ్_మనిషి

బాబాయ్, అది విజిటర్ ప్రోగ్రాం అయ్యుంటుంది. కమిషన్ వాళ్ళు వేరే దేశాల వాళ్ళని పిలిచి మా ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూడండి అని చూపిస్తారు, తప్పేం లేదు, అక్కడ అతిథిగా ఉండొచ్చు. ఎన్నిక ఎలా జరిగిందో తీర్పు చెప్పే మిషన్‌కి అది పనికిరాదు.

కోఆర్డినేటర్ గారూ, పోలింగ్ రోజు గురించి కూడా చెప్పేస్తా. బూత్ తెరవకముందే టీమ్ అక్కడ ఉండాలి, అంటే చీకట్లోనే బయల్దేరాలి, రాత్రి లెక్కింపు అయ్యేదాకా ఉండాలి. డెబ్బై ఏళ్ళ జడ్జిగారిని ఆ రెండింటికీ ఒకేరోజు వేయకండి, తెరవడం ఒకరికి, లెక్కింపు ఇంకొకరికి ఇవ్వండి. యూరప్ భద్రతా సహకార సంస్థ మిషన్లలో లాగా ఇద్దరిద్దర్ని, వేర్వేరు దేశాల వాళ్ళని కలిపి వేస్తే మంచిది. మాజీ ప్రధానిని రాజధాని దాటించొద్దు, ఆయన వెళ్తే వెనకాల కెమెరాలు వెళ్తాయి, ఇక బూత్‌లో పని సాగదు. లోపలి జిల్లాలకి ముందే పాతుకుపోయి ఉండే లాంగ్ టర్మ్ అబ్జర్వర్లు ఉంటే రోడ్లు, లాడ్జిలు, దగ్గర్లో ఆస్పత్రి అన్నీ వాళ్ళనే అడగండి.

డీజిల్ ముందు రోజే ఫుల్ చేయించండి, బంకులు మూసేస్తారు. టోపీలు, జాకెట్లు ఆర్డర్ ఇచ్చేముందు అక్కడి పార్టీల రంగులు చూసుకోండి.

మరి డ్రైవర్లు కూడా ఓటర్లే. వాళ్ళ ఓటు ఏ ఊళ్ళో ఉందో బుకింగ్ అప్పుడే అడిగి, ఆ దారిలోనే ఆ టీమ్ రూట్ వేయండి, లేదంటే పొద్దున పదింటికి బండి వదిలేసి ఓటేయడానికి వెళ్ళిపోతాడు, ఎంపీ గారు బూత్ బయట ఎండలో నిలబడతారు, ఫోన్ మీకొస్తుంది.

కొత్త_కోఆర్డినేటర్

డ్రైవర్ల ఓటు సంగతి తట్టనే లేదు. కార్ల కంపెనీకి ఇప్పుడే మెయిల్ పెడుతున్నా, ఓనర్ ఎవరో కూడా అందులోనే అడిగేస్తా.

ఫీల్డ్_మనిషి

ఓనర్ సంగతి కంపెనీని అడిగితే చెప్తారా అండీ. అక్కడి లోకల్ జర్నలిస్టుని ఎవరినైనా పట్టుకోండి, అయిదు నిమిషాల్లో తేలిపోద్ది.